పళ్లెం కింద రెండు గింజలు

ఆ త్రాసు కొన్నది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మా ఇంట్లో ఈ సంగతి ఎవరు చెప్పినా నన్ను తప్పించి చెబుతారు. నాయన చెప్పేటప్పుడైతే అసలు త్రాసే ఉండదు, తుపాకీ ఉండదు. ఒక తాగుబోతు, ఒక దీపావళి బాంబు, అంతే. అందుకే నేను త్రాసు దగ్గర మొదలుపెడుతున్నాను.

సెల్‌ఫోన్లు ఊళ్లలోకి అప్పుడప్పుడే దిగుతున్న రోజులు. నేను కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఊరు డోన్ దాటాక బస్సులో గంట. కొండల కింద మెట్ట పొలాలు. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పుడు కూడా వేరుశనగే, వేరే ఏం వేస్తాం. కాయ ఊరే సమయానికి కొండ మీది నుంచి అడవిపందులు దిగేవి. ఒక మంద వచ్చి పడిందంటే తెల్లవారేసరికి సగం చేను తవ్విపోసి ఉండేది. వాటిని బెదరగొట్టడానికి మా తాత కాలం నుంచి ఇంట్లో ఒక లైసెన్సు తుపాకీ ఉండేది. ఒంటి గొట్టం తుపాకీ. పంట కాపలా కోసం అని లైసెన్సులో రాసి ఉంటుంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్లో అప్పజెప్పి, అయ్యాక తెచ్చుకోవాలి. మా వైపు తుపాకీ ఉన్న ఇల్లంటే అదొక హోదా. పందుల కోసం కంటే ఆ హోదా కోసమే నాయన దాన్ని ఎక్కువసార్లు తుడిచేవాడని నా అనుమానం.

కొత్త తూటాలు అడిగినన్ని ఇవ్వరు. లైసెన్సు మీద ఏడాదికి ఇన్నే అని ఉంటుంది. అందుకని పేల్చిన ఇత్తడి తూటాలను పారేయకుండా ఏరుకొచ్చి, కడిగి ఆరబెట్టి, మళ్లీ మందు నింపుకోవడం మా తాత నేర్చిన పని. ఆయన నుంచి నాయనకు వచ్చింది. మందు తూచడానికి కంసాలుల త్రాసు ఒకటి ఉండేది. రెండు బుల్లి ఇత్తడి చిప్పలు, పట్టుదారాలు, తూకపు రాళ్లకు బదులు గురివింద గింజలు. తాత ఒక కట్టుబాటు పెట్టిపోయాడు. తూచేవాడు ఒకడు, గింజలు లెక్కపెట్టేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవాలి. లెక్కపెట్టేవాడు పైకి గట్టిగా చెప్పాలి. ఇద్దరికీ సరే అనిపిస్తేనే మందు తూటాలోకి పోవాలి, లేకపోతే మళ్లీ మొదటినుంచి.

గింజలు లెక్కపెట్టడం మా చేని కావలిమనిషి పని. అప్పటికి ఆయనకు నలభై దాటి ఉంటాయి. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు నేను ఉద్యోగం చేస్తున్నా పాపనే. పగలంతా చేని గుడిసె ముందు కూర్చుని నులక మంచాలు అల్లేవాడు. రెండు చేతుల వేళ్లతో నులక లాగి బిగించాడంటే ఆ మంచం ఏళ్ల తరబడి కుంగేది కాదు. చుట్టుపక్కల ఊళ్లలో సగం మంచాలు ఆయన అల్లినవే. ఒకప్పుడు బాగా తాగేవాడు. ఆయన భార్య మొండి మనిషి. ఒక శివరాత్రికి మహానందికి పిలుచుకుపోయి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో స్వామి ముందర నిలబెట్టి ఒట్టు వేయించింది. ఆ తర్వాత ఆయన చుక్క ముట్టలేదు. ఆమె ఆ సంగతి ఊరంతా చెప్పుకుంది. పసుపుకుంకాలకు పిలిచిన ఇంట్లో కూడా చెప్పేది. "మా ఇంటాయన మాటంటే మాటేమ్మా" అనేది. ఈ ఒట్టు సంగతి గుర్తుంచుకోండి, నా ఒళ్లు మండేది అక్కడే.

ఇక నా సంగతి. నాకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, ఎం.ఎస్సీ. పట్టా, నోటినిండా తెలివి. సెలవులకు ఊరికి వచ్చి, వసారాలో ఇద్దరు పెద్ద మగవాళ్లు ఎదురెదురుగా కూర్చుని "పన్నెండూ... పదమూడూ..." అని గురివింద గింజలు లెక్కపెడుతుంటే చూసి పడీ పడీ నవ్వాను. ఒక గింజకూ ఇంకో గింజకూ బరువు తేడా ఉంటుందని లెక్చరు ఇచ్చాను. ఎండకు ఎండిన గింజ, వానకాలం గింజ ఒకటి కాదన్నాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. అదే నా ఖర్మ.

కర్నూలులో కంసాలి సామాన్లు అమ్మే ఒక కోమటాయన అంగడి ఉంది. అక్కడ మొదటిసారి ఆ చౌక డిజిటల్ త్రాసు చూశాను. అరచేతిలో ఇమిడిపోతుంది, సబ్బుపెట్టె అంత. మూత తీస్తే చిన్న స్టీలు పళ్లెం, దాని కింద నీలం వెలుగులో అంకెలు. పెట్టె మీద అంతా చైనా రాతలు. అంగడాయన తన వేలి ఉంగరం తీసి పెట్టి చూపించాడు, ముక్కుపుడక పెట్టి చూపించాడు. నగల దుకాణాల్లో అద్దాల పెట్టెలో ఉండే త్రాసుకు నా నాలుగు నెలల జీతం కావాలి, దీనికి ఒక మామూలు చీర ఖరీదు చాలు. "ఉంగరాలకు బాగుంటాదమ్మా. మరీ కచ్చితం కావాలని పంతానికి పోకుంటే మంచి త్రాసే" అన్నాడు. ఆ "పంతానికి పోకుంటే" అన్నది నేను చెవిన వేసుకోలేదు. పెట్టెలోనే ఒక చిన్న స్టీలు తూకపురాయి కూడా ఇచ్చారు, త్రాసు సరిగా చూపిస్తోందో లేదో చూసుకోవడానికి.

నాయనకు ఇస్తే మురిసిపోయాడు. వచ్చినవాళ్లందరికీ చూపించాడు. అమ్మ కమ్మలు తూచాడు, కుంకుమపువ్వు తూచాడు, పక్కింటాయన జుట్టు వెంట్రుక తూచబోయాడు. నేను మూడు సంగతులు నేర్పాను. దీన్ని వసారాలో ఉన్న కడప బండ మీదే పెట్టాలి, అది చదునుగా ఉంటుంది కాబట్టి. ఫ్యాను ఆపాలి. వాడే ముందర ప్రతిసారీ ఆ తూకపురాయి పెట్టి చూసుకోవాలి. మొదటి రెండూ నాయన బుద్ధిగా పాటించాడు. తూకపురాయిని మాత్రం చిన్నది, యాడన్నా పోతుంది అని ఎర్రగుడ్డలో మూటగట్టి దేవుని గూట్లో పెట్టాడు. పెట్టినది పెట్టినట్టే ఉంది, ఒక్కసారీ తీయలేదు. నేను అడిగితే "భద్రంగా ఉండాది లేమ్మా" అన్నాడు.

పాత త్రాసు అటక ఎక్కింది. గురివింద గింజలు ఎవరో పిల్లకు ఆడుకోవడానికి ఇచ్చేశారు.

ఆ రోజు కావలిమనిషి వసారా మెట్ల మీద కూర్చుని, నాయన ఒక్కడే తూచుకోవడం కాసేపు చూశాడు. "ఇంగ నాతో పని లేనట్టే గదా సామీ" అని నవ్వుతూనే అన్నాడు.

"నీకు గింజలు లెక్కపెట్టే బాధ తప్పిందిలేప్పా" అన్నాడు నాయన.

నాకు అప్పుడు అది గొప్ప సంస్కరణలాగే అనిపించింది.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే చిన్న పని కాదు. ట్రాక్టరు, మోటారు, మందు కొట్టే పంపు, కొడవళ్లు, గడ్డపారలు, తుపాకీ, అన్నీ కడిగి వసారాలో వరుసగా పెట్టాలి. ఆ ఏడు వరుసలో కొత్తగా త్రాసు చేరింది. తుపాకీ పక్కనే, పీట మీద, మూత తెరిచి పెట్టారు. అమ్మ అన్నిటికీ గంధం పూసి కుంకుమ పెట్టింది. త్రాసు పళ్లేనికి కూడా గంధం పూసింది, అంచు చుట్టూ. తర్వాత అందరం అక్షింతలు వేశాం. పసుపు కలిపిన బియ్యం, నెయ్యి తడితో. గుమ్మడికాయ కొట్టారు. అక్షింతలు వేసిన చేతుల్లో నాదీ ఉంది. ఏ గింజ ఎవరి చేతిది అని ఎవరు చెప్పగలరు? ఫిజిక్స్ టీచరును, త్రాసు మీద బియ్యం చల్లుతుంటే చూస్తూ నిలబడ్డాను, పైగా నేనూ చల్లాను. కాలేజీలో పిల్లలు బ్యాలన్సు మీద సుద్దముక్క పెడితే వీపు చిట్లగొట్టేదాన్ని. ఇంట్లో మాత్రం ఆ ఆలోచనే రాలేదు. దేవుని పని కదా, అక్కడ ఫిజిక్స్ ఏముంది అనుకున్నానేమో.

పూజ అయ్యాక అమ్మ పైపైన గుడ్డతో తుడిచి మూత పెట్టింది.

మూడోరోజు పొద్దున నాయన తూటాలు నింపడానికి కూర్చున్నాడు. పందుల మంద తూర్పు చేలోకి దిగిందని కబురు వచ్చింది. కడప బండ తుడిచాడు, ఫ్యాను ఆపాడు, త్రాసు పెట్టి మీట నొక్కాడు. సున్నా చూపించింది. మందు పోశాడు, అంకె వచ్చేదాకా పోశాడు. నేను గోడకు ఆనుకుని పేపరు చదువుకుంటున్నాను. కావలిమనిషి తుపాకీ తీసుకుపోవడానికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లైసెన్సు నాయనది, చట్టప్రకారం దాన్ని పేల్చవలసింది నాయన ఒక్కడే. కానీ తెల్లవారుజామున మంచులో చేని గట్టు మీద కాచుకుని కూర్చునేది ఎవరు? ఏళ్లుగా ఆ పని కావలిమనిషే చేస్తున్నాడు. అది తప్పని మాకెవరికీ తోచను కూడా తోచలేదు. తోచినా నాయన చేతికి బదులు ఆయన చేయి ఉండటం మాకు బాగానే ఉంది.

మూడు తూటాలు అయ్యాక ఆయన లేచి వచ్చి పళ్లెంలోకి తొంగి చూశాడు.

"సామీ, మందు ఎక్కువ పడినట్టుండాది."

నాయన తలెత్తలేదు. "అంకె సూడప్పా, ఎప్పుడూ వచ్చే అంకేనే."

"అంకె నాకు తెల్దు సామీ. కుప్ప పెద్దగుండాది. గింజలతో తూచినప్పుడు ఇంత కుప్ప వచ్చేది కాదు."

నాయన నా వైపు చూశాడు. చదువుకున్న కూతురు వైపు. నేను పేపరు దించి, నవ్వి, ఇప్పటికీ నా చెవుల్లో గింగురుమనే ఆ మాట అన్నాను: "అన్నా, దానికి నీ కంటికన్నా బాగా తెలుసు."

ఆయన "అట్లైతే సరేలే పాపా" అని మెట్ల మీదికి వెళ్లి కూర్చున్నాడు.

లేచి ఆ తూకపురాయి తెచ్చి పెట్టి చూడటానికి ఎంతసేపు పడుతుంది? వసారా నుంచి దేవుని గూటికి పది అడుగులు. పేపరులో ఏం చదువుతున్నానో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఒక చప్పుడు వినిపించింది. ఎప్పటి చప్పుడులా లేదు. మేం వెళ్లేసరికి ఆయన చేని గట్టు మీద కూర్చుని ఎడమచేతిని తలగుడ్డలో చుట్టుకుని కడుపుకు అదుముకున్నాడు. తుపాకీ గొట్టం మందు ఉండే చోటనే పగిలి విచ్చుకుపోయి ఉంది. ఎడమచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు పోయాయి. ఉంగరపువేలు, చిటికెనవేలు మిగిలాయి. మొహం మీద మసి. కళ్లు దేవుడి దయవల్ల బాగున్నాయని నాయన అన్నాడు. ఆ దేవుడి పేరే ఎత్తాలా అప్పుడు?

ఆయన మాత్రం నాయనను చూసి మొదట అన్న మాట, "తుపాకీ చెడగొట్టినా సామీ" అని.

జీపులో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారిలో, ఆయన తల నా ఒళ్లో ఉండగా, ముందు సీట్లో కూర్చున్న నాయన వెనక్కి తిరిగి నెమ్మదిగా చెప్పాడు. నాయన ఎప్పుడూ అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది.

"సూడప్పా. తుపాకీ అని చెప్తే పోలీసులొస్తారు. లైసెన్సు లేకుండా కాల్చింది నువ్వు. లోపలికి పోయేది ఫస్టు నువ్వే. బాంబు చేతిలో పేలిందని చెప్తాం. దీపావళి దగ్గర్లోనే ఉండాది, ఎవరూ అడగరు."

"చెప్తా సామీ."

"ఉత్తినే చేతిలో పట్టుకొని నిలబడినావంటే ఎవరు నమ్ముతారు? తాగి ఉండినానని చెప్పు."

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. వాటిని తెరవకుండానే "అదొద్దు సామీ" అన్నాడు.

"నీ మంచికే చెప్తాండా."

నేను నోరు విప్పలేదు. రక్తం చూసి భయపడి ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాయనకు కేసు అవుతుందని, లైసెన్సు పోతుందని, పేపర్లో పేరు వస్తుందని నాకు కూడా భయమే. ఆసుపత్రి చీటీ మీద డాక్టరు నాయన చెప్పినట్టే రాసుకున్నాడు, మద్యం మత్తులో టపాకాయ పేలి గాయం అని. ఒళ్లంతా మసి, తుపాకీ మందు వాసన కొడుతున్న మనిషి నోటి దగ్గర ఎవరూ ముక్కు పెట్టి చూడలేదు.

పండుగకు పుట్టింటికి పోయిన భార్య మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. మంచం పక్కన ఉన్న చీటీ ఎవరో చదివి చెప్పారు. ఆమె ఏడవలేదు, అరవలేదు. "మహానందిలో తడిబట్టలతో నిలబడితివి గదయ్యా" అని ఒక్క మాట అని, వార్డు బయట వరండాలో పోయి కూర్చుంది.

నేను ఊరికి వచ్చేశాను. మూడోరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు దేవుని గూట్లోంచి ఎర్రగుడ్డ మూట విప్పి, తూకపురాయి తీసి, కడప బండ మీద త్రాసు పెట్టి చూశాను. సున్నా దగ్గర సున్నా. రాయి పెడితే, దాని మీద చెక్కి ఉన్న బరువుకూ త్రాసు చూపించిన అంకెకూ పొంతనే లేదు, చాలా తక్కువ చూపించింది. స్టీలు పళ్లెం ఊడదీశాను. దాని కింద, ఎండిపోయిన గంధంలో అంటుకుని, రెండు పసుపు బియ్యపు గింజలు.

ఖాళీ పళ్లెం ఉన్నంతసేపు ఆ గింజలు ఏ అడ్డమూ చెప్పవు, సున్నా సరిగ్గానే వస్తుంది. బరువు పడగానే పళ్లెం కిందికి దిగి గింజల మీద ఆనుతుంది. కొంత బరువు అవి మోస్తాయి, మిగతాది మాత్రమే త్రాసుకు తెలుస్తుంది. అంకె సరిపోవాలని నాయన ఇంకా ఇంకా పోశాడు. కావలిమనిషి కంటికి కనిపించిన కుప్ప నిజం. నేను పిల్లలకు ఏటా మొదటి క్లాసులోనే చెప్పే పాఠం ఇది.

సాయంత్రం నాయన వస్తే చూపించాను. నాయన పళ్లెం అటూ ఇటూ తిప్పి చూశాడు. గోరుతో ఆ రెండు గింజలనూ గీకి వసారాలోంచి వాకిట్లోకి విసిరేశాడు. కోడి వచ్చి తినేసింది. నేను చూస్తుండగానే.

"ఈ మాట గడప దాటగూడదు పాపా" అన్నాడు.

దాటలేదు. నా నోరు పడిపోను, నిజంగానే దాటలేదు. త్రాసును మాత్రం నాయన పారేస్తానంటే ఇవ్వకుండా కర్నూలుకు తెచ్చుకుని పెట్టె అడుగున దాచుకున్నాను. దాచుకోవడం కూడా ఒక పని చేసినట్టే అనుకున్నాను. పగిలిన తుపాకీ విషయం నాయన స్టేషన్లో ఎలా సర్దుకున్నాడో నాకు తెలియదు, అడగలేదు. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి అప్పజెప్పడానికి ఇంట్లో కొత్త తుపాకీ ఉంది.

రెండు వేళ్ల చేయితో నులక బిగించడం కుదరదు. ఆయన ఆ ఏడాదే ఊరు వదిలి, డోన్‌లో రైల్వేస్టేషన్ దగ్గర సైకిల్ స్టాండులో పనికి కుదిరాడని విన్నాను. డోన్‌లో ఎన్నిసార్లు బస్సు మారానో లెక్క లేదు. స్టేషను వైపు ఒక్కసారీ పోలేదు.

నాలుగేళ్లు గడిచాక, మళ్లీ ఒక దసరా. నాయన తన స్నేహితులను భోజనానికి పిలిచాడు. నేను వడ్డిస్తున్నాను. ఎవరో పందుల మాట ఎత్తారు, ఎవరో పాత కావలిమనిషి ఏడీ అన్నారు. నాయన నిమ్మకు నీరెత్తినట్టు చెప్పుకొచ్చాడు. "వానికేం, తాగి బాంబు చేతిలో పట్టుకొని ‘ఇది పేలదులే’ అని నిలబడినాడంట" అని చేయి పైకెత్తి, తూలుతున్నట్టు చేసి చూపించాడు. విస్తళ్ల ముందు అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు, మనస్ఫూర్తిగా. అప్పుడు నాకు అర్థమైంది, నాయన అబద్ధం ఆడటం లేదు. చెప్పీ చెప్పీ నిజంగానే నమ్మేశాడు.

చేతిలో పప్పు గిన్నె ఉంది. అందరి మధ్యా కింద పెట్టి, "ఆయన తాగలేదు నాయనా. నీకూ తెలుసు, నాకూ తెలుసు" అన్నాను. భోజనాలు ఆగిపోయాయి. అమ్మ లోపలికి రమ్మని చేయి పట్టి లాగింది. చేయి విడిపించుకుని వచ్చేశాను. మర్నాడు కర్నూలు పోయి పెట్టె అడుగు నుంచి త్రాసు తీశాను. కొత్త సెల్లులు వేశాను. ఆ తూకపురాయి, కాగితంలో గుప్పెడు బియ్యం కూడా సంచిలో పెట్టుకున్నాను. బస్సులో డోన్ దాకా నాకు కోపమే, నాయన మీద, నవ్విన వాళ్ల మీద. ఆ కోపంలో నేనేదో గొప్ప పని చేయబోతున్నానని కూడా ఒక మూల అనుకున్నాను, అది ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

సైకిల్ స్టాండు రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచేత్తో టోకెన్లు ఇస్తున్నాడు, ఎడమచేయి తువ్వాలు కింద ఉంది. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"రా పాపా. ఈడికి వస్తివే?"

బల్ల మీద త్రాసు పెట్టాను. రాయి పెట్టి చూపించాను. పళ్లెం తీసి, కింద రెండు బియ్యపు గింజలు పెట్టి, మళ్లీ రాయి పెట్టి చూపించాను. ఏది సరైన అంకె, ఏది తక్కువ అంకె అని వేలు పెట్టి చెప్పాను. ఆయుధపూజ నుంచి కోడి దాకా అంతా చెప్పాను. ఆయన వింటూనే, కుడిచేత్తో తానే గింజలు తీసి ఒకసారి, పెట్టి ఒకసారి, మళ్లీ తీసి ఒకసారి చూసుకున్నాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే అన్నా."

"కుప్ప పెద్దగుండాదని నేను చెప్తిని గదా పాపా."

"చెప్పినావు."

"నువ్వు నగితివి."

అవునన్నాను. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటుందని, తిడతాడని, తిడితే పడదామని వచ్చాను. ఎవరో సైకిలు తీసుకోవడానికి వస్తే టోకెను అందుకుని, సైకిలు చూపించి పంపాడు.

"వదినను పిలువన్నా," అన్నాను. "ఆమె ముందర నేనే చూపిస్తాను. నువ్వు తాగలేదని నేనే చెప్తాను. కావాలంటే మహానందికే పోయి చెప్తాను."

ఆయన పళ్లెం కింది గింజలను వేలితో తీసి నా కాగితంలో వేసి, మడత పెట్టాడు.

"పోయిన ఉగాదికి పోయింది పాపా. జ్వరం వచ్చి, పది దినాలు."

నేను బల్ల మీది తూకపురాయి తీసి సంచిలో వేసుకున్నాను.

"బాంబు కాదు, తుపాకీ పగిలిందని దానికి చెప్తిని. ఉన్నన్నాళ్లూ అడిగింది. తాగకుంటే అది ఎట్ల పగిలింది, చెప్పు అనేది. అంకె సరిగ్గా ఉండాదని మీరంటిరి, నాకు తెలిస్తే గదా చెప్పడానికి. తెల్దే అంటే అబద్ధమనేది. కడాకు పోయే ముందర గూడా అదే మాట. ఇప్పుడన్నా ఒప్పుకో, నా మనసు కుదుటపడతాది అనె." ఆయన త్రాసు మూత వేసి నా వైపు జరిపాడు. "తాగినానే అని చెప్పినా."